ఫుకెట్ అడవిలో జిప్‌లైన్: ఐదుగురు వెళ్లేముందు తేల్చుకోవాల్సినవి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. గుంటూరు నుంచి ఐదుగురు, దసరా సెలవుల్లో నాలుగు రాత్రులు థాయిలాండ్‌లోని ఫుకెట్, టికెట్లు అయిపోయాయి. మీరు 74 కిలోలు, మీ ఆవిడ 61. పాపకి తొమ్మిదేళ్లు, 24 కిలోలు. బావగారు 112. అమ్మగారికి 63 ఏళ్లు, బీపీ ఉంది, మోకాళ్ల నొప్పి. ఒక పూట గైడ్లతో అడవిలో, చెట్ల మధ్య కట్టిన కేబుల్‌కి వేలాడుతూ జారే జిప్‌లైన్ చేయాలి. ఏ రోజు పెట్టుకోవాలి, కంపెనీని ఎలా ఎంచుకోవాలి, ఎవరు ఎక్కొచ్చు, ఏం వేసుకోవాలి అన్నది ప్రశ్న.

కంపెనీల పేజీల్లో పెద్ద అక్షరాలతో కనపడేవి లైను పొడవు, ఎత్తు, చెట్లకి కట్టిన ప్లాట్‌ఫాంల సంఖ్య. మీ నిర్ణయానికి ఆ మూడూ పెద్దగా పనికిరావు. అడగాల్సింది లైను చివర మనిషిని ఎలా ఆపుతారని. సరిగ్గా నడిచే కోర్సుల్లో కేబుల్ తెగడం చాలా అరుదు. జాగ్రత్తపడాల్సిన చోట్లు రెండే: మనిషిని కేబుల్‌కి తగిలించి విప్పే చోటు, లైను చివర ఆగే చోటు. మీ బృందంలో బరువులు 24 నుంచి 112 దాకా ఉన్నాయి కాబట్టి రెండోది మీకు మరీ ముఖ్యం.

బరువు పరిమితి అంటే "కేబుల్ తట్టుకోదేమో" అని అందరూ అనుకుంటారు. ఒక లెక్క చూడండి. 200 మీటర్ల లైను మధ్యలో 80 కిలోల మనిషి వేలాడుతుంటే, ఆ బరువుకి కేబుల్ రెండు మీటర్లు కిందికి దిగిందనుకుందాం. బరువుని పొడవుతో గుణించి, దిగిన ఎత్తుకి నాలుగు రెట్లతో భాగిస్తే కేబుల్‌లో పడే లాగుడు వస్తుంది. 80 × 200 ÷ 8, అంటే 2000 కిలోలు. ఎనభై కిలోల మనిషికి రెండు టన్నుల లాగుడు! కేబుల్ సొంత బరువు వల్ల వచ్చేది దీనికి అదనం. దీన్ని తట్టుకునేలానే ఉక్కు కేబుల్ కడతారు. 12 మిల్లీమీటర్ల మంచి ఉక్కు తాడు తెగడానికి సుమారు తొమ్మిది టన్నులు కావాలి. కాబట్టి ఇంకో ముప్పై కిలోలు పెరిగినంత మాత్రాన కేబుల్‌కి వచ్చే ముప్పు తక్కువ. ముప్పు బ్రేకు దగ్గర.

బరువైన మనిషి వేగంగా వస్తాడు. కిందికి లాగే బలం బరువుతో పాటు పెరుగుతుంది, ఎదురు తోసే గాలి మాత్రం శరీరం ఎంత వెడల్పుగా కనపడుతుందో అంతే. మీ ఆవిడతో పోలిస్తే బావగారి బరువు 1.8 రెట్లు. ఆయన వేగం కూడా ఐదో వంతు ఎక్కువైందనుకోండి, బ్రేకు మింగాల్సిన శక్తి రెండున్నర రెట్లు దాటిపోతుంది. ఒకే బ్రేకు ఇద్దరినీ మెత్తగా ఆపాలంటే దాని తయారీలోనే ఆ తేడా లెక్కేసి ఉండాలి. పాప సంగతి సరిగ్గా దీనికి తలకిందులు. 24 కిలోల పిల్ల ఒంటరిగా వెళ్తే ఎదురుగాలికి మధ్యలోనే ఆగిపోవచ్చు, కేబుల్ వేలాడే పల్లం దగ్గరికి వెనక్కి జారొచ్చు.

ఇక బ్రేకుల్లో రకాలు. అన్నిటికంటే పాతది చేతి బ్రేకు. అరచేతిలో మందపాటి తోలు కుట్టిన గ్లవ్ ఇస్తారు, ట్రాలీకి (కేబుల్ మీద పరుగెత్తే చక్రాల బిళ్ల, మనం వేలాడేది దానికే) వెనకవైపు కేబుల్ మీద చేయి వేసి నొక్కితే వేగం తగ్గుతుంది. దీంట్లో తప్పులు మూడు రకాలుగా జరుగుతాయి. భయంతో చేయి ట్రాలీకి ముందు పెట్టేస్తారు, చక్రం వేళ్ల మీదికి ఎక్కుతుంది. లేదా మరీ ముందుగా నొక్కేసి మధ్యలో ఆగిపోతారు. లేదా వాన తర్వాత కేబుల్ తడిగా ఉంటుంది, ఎంత నొక్కినా గ్లవ్ పట్టదు, ఆఖరికి కాళ్లతో చెట్టుని తన్నుకుంటారు. దసరా రోజుల్లో, అంటే ఫుకెట్‌లో వానలు పడే రోజుల్లో, కొత్తవాళ్లు చేతి బ్రేకు మీద ఆధారపడే కోర్సుకి వెళ్లకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

రెండో రకంలో బ్రేకు గైడ్ చేతిలో ఉంటుంది. కేబుల్ మీద ఒక దిమ్మ, దానికి తాడు కడతారు. మీ ట్రాలీ వచ్చి దిమ్మకి తగలగానే గైడ్ తాడు బిగించి, వదులుతూ ఆపుతాడు. అనుభవమున్న గైడ్ అయితే చాలా హాయిగా ఉంటుంది, పరధ్యానంగా ఉంటే మాత్రం దెబ్బ తప్పదు. మూడో రకం స్ప్రింగులతోనో అయస్కాంతంతోనో తనంతట తాను పనిచేసేది. అయస్కాంతపు బ్రేకులో వేగం ఎంత ఎక్కువైతే అడ్డుకునే బలం అంత పెరుగుతుంది కాబట్టి బరువుల తేడా ఉన్న కుటుంబాలకి ఇది నప్పుతుంది. రకం ఏదైనా, మొదటి బ్రేకు తప్పితే దానంతటదే అడ్డుపడే రెండోది విడిగా ఉందా అని అడగండి. "మా గైడ్లు బాగా ట్రైనింగ్ అయినవాళ్లు" అన్న జవాబు ఈ ప్రశ్నకి జవాబు కాదు. కంపెనీ ఏ ప్రమాణం ప్రకారం తనిఖీ చేయిస్తుందో కూడా అడగొచ్చు. యూరప్ వాళ్లకి ఈఎన్ 15567, అమెరికా వాళ్లకి ఏసీసీటీ ప్రమాణాలు ఉన్నాయి. ఈ పేర్లు చెప్పగానే గుర్తుపట్టి, చివరి తనిఖీ ఏ నెలలో జరిగిందో చెప్పగలిగితే మంచి సంకేతం.

మనుషుల విషయానికొద్దాం.

పాప: గైడ్‌తో జంటగానే పంపండి. "నేను ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్తాను" అని మీరనొచ్చు, చాలా చోట్ల ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే సరైనది. జంటగా వచ్చేటప్పుడు బ్రేకు, కాళ్లు, పాప తల మూడూ చూసుకోవాల్సింది పెద్దవాళ్లే, మీకది మొదటిసారి. గైడ్ 65 కిలోలనుకుంటే ఇద్దరూ కలిసి 89, ఏ పరిమితికైనా లోపలే. హార్నెస్ (ఒంటికి కట్టి ట్రాలీకి తగిలించే పట్టీలు) మాత్రం పూర్తి ఒంటికి పట్టేది, అంటే భుజాల మీదుగా కూడా పట్టీలుండేది కావాలి. ఆ వయసు పిల్లలకి నడుము, పిరుదుల మధ్య తేడా ఉండదు. నడుము హార్నెస్ ఒక్కటే వేస్తే తలకిందులైనప్పుడు జారిపోవచ్చు. ఇది బేరమాడే విషయం కాదు, పూర్తి హార్నెస్ లేదంటే పాపని ఎక్కించొద్దు.

బావగారు: చాలా కంపెనీల పై పరిమితి 120 కిలోల చుట్టుపక్కల ఉంటుంది, కొన్నిచోట్ల 100 లేదా 110కే ఆపేస్తారు. బూట్లు, బట్టలు, జేబులో ఫోనుతో సహా తూచుకుని ఆ అంకె చెప్పమనండి. అక్కడ కౌంటర్ పక్కనే తూకం ఉంటుంది, మొహమాటానికి పది కిలోలు తగ్గించి చెబితే అక్కడే బయటపడుతుంది, కట్టిన డబ్బు తిరిగి రాదు. బరువు సరిపోయినా ఇంకో పరీక్ష ఉంది: నడుము చుట్టుకొలత. హార్నెస్ బెల్టు తుంటి ఎముకల పైన కూర్చోవాలి. పొట్ట ఉన్నవాళ్లకి అది పొట్ట కిందికి దిగి బిగుస్తుంది. చూడ్డానికి బిగువుగానే ఉన్నా తలకిందులైతే ఆపడానికి ఏమీ ఉండదు. ఆయనకీ పూర్తి హార్నెస్సే అడగండి. పెద్ద సైజు ఉందో లేదో ముందే మెసేజ్‌లో రాయించుకోండి, "ఫ్రీ సైజ్" అన్న మాట నమ్మొద్దు. ఇంకొకటి, ముందురోజు రాత్రి మందు వద్దు. పొద్దున వాసన వస్తే మర్యాదగానే పక్కన కూర్చోబెడతారు.

అమ్మగారి విషయంలో సూటిగా చెబుతాను, పూర్తి కోర్సు వద్దు. కారణం బీపీ ఒక్కటే కాదు. మందులతో అదుపులో ఉండి డాక్టరుగారు సరేనంటే బీపీతో కొన్నిచోట్ల ఎక్కనిస్తారు. అసలు ఇబ్బంది మోకాళ్లది. జిప్‌లైన్ అంటే గాల్లో ఎగరడమే అనుకుంటాం గానీ, ఆ పూటలో ఎక్కువ సమయం పోయేది చెట్టు చుట్టూ కట్టిన మెట్లు ఎక్కడానికీ, ఊగే చెక్క వంతెనలు దాటడానికీ, ప్లాట్‌ఫాం మీద నిలబడి ఎదురుచూడడానికీ. ప్రతి లైను చివరా కాళ్లు ముందుకి చాచి దిగాలి, ఆ కుదుపు మోకాళ్లకే తగులుతుంది. పైగా మధ్యలో మానేస్తానంటే దిగడానికి ప్రతి ప్లాట్‌ఫాంకీ దారి ఉండదు. ఆవిడకి అంతగా మనసుంటే మంగళగిరి పానకాల స్వామి మెట్లు ఎక్కించి చూడండి. రెండుసార్లు ఆగి ఎక్కగలిగి, మర్నాడు మోకాలు వాయకుండా ఉంటే, రెండు మూడు లైన్ల చిన్న ప్యాకేజీ అడగొచ్చు. లేదంటే ఆ పూట ఆవిడని అడవిలో రెస్టారెంటు బల్ల దగ్గర నాలుగు గంటలు కూర్చోబెట్టకండి. జిప్‌లైన్ కోర్సులు చాలావరకు కతూ కొండల వైపే ఉన్నాయి, అక్కడినుంచి చలోంగ్ ఆలయం కారులో దగ్గరే. కారు మాట్లాడి, తోడుగా ఒకరు వెళ్తే ఆవిడకి ఆ పూట బాగా గడుస్తుంది.

గర్భిణులు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్లు, గుండెలో స్టెంటు వేయించుకున్నవాళ్లు, డిస్కు జారినవాళ్లు, మూర్ఛ ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు ఎక్కకూడదు. అక్కడ సంతకం పెట్టించుకునే కాగితంలో వీటిలో చాలావరకు ఉంటాయి. దాచి సంతకం పెడితే ఇన్సూరెన్స్ కూడా పోవచ్చు.

ఏ రోజు అన్నదానికి వాన ముందు లెక్క. ఫుకెట్‌లో నైరుతి రుతుపవనాలు మే నుంచి అక్టోబరు దాకా ఉంటాయి, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వాన జోరు ఎక్కువ. నవంబరు చివరినుంచి ఏప్రిల్ దాకా పొడిగా ఉంటుంది. టికెట్లు తీయకముందే అడిగుంటే సంక్రాంతి సెలవులకి మార్చుకోమనేవాడిని. ఇప్పుడు చేయగలిగింది ఏమిటంటే, జిప్‌లైన్‌కి ఒక రోజు, దానికి బదులుగా ఇంకో రోజు ఖాళీగా ఉంచుకోవడం. చినుకుల్లో కోర్సు నడుపుతారు, ఉరుము వినపడితే ఆపాలి. ఉక్కు కేబుల్‌కి తగిలించుకుని చెట్టు మీద నిలబడి ఉంటారు కాబట్టి ఇందులో చర్చ లేదు. రాత్రంతా కుండపోతగా కురిస్తే, పొద్దున ఎండ కాసినా, కొండ దారి ఎలా ఉందో హోటల్ వాళ్లని అడిగే బయల్దేరండి. 2024 ఆగస్టులో కరోన్ వైపు కొండచరియలు విరిగిపడి 13 మంది చనిపోయారు.

నాలుగు రోజుల వరస ఇలా పెట్టుకోండి. మొదటి రోజు ఏమీ వద్దు. ఇక్కడినుంచి శంషాబాద్‌కి ఐదారు గంటలు కారు, అక్కడ ఎయిర్‌పోర్టులో కూర్చోవడం, రాత్రి విమానం. నిద్రలేని కళ్లతో ప్లాట్‌ఫాం అంచున నిలబడకూడదు. రెండో రోజు పొద్దున మొదటి స్లాటులో జిప్‌లైన్. వాన వల్ల కుదరకపోతే మూడో రోజు. ఫీఫీ దీవులు, ఫాంగ్‌న్గా లాంటి పడవ ప్రయాణం జిప్‌లైన్ తర్వాతే ఉండాలి, ముందు కాదు. పడవలో ఒక పగలంతా తిరిగొస్తే భుజాలు, తొడలు ఎండకి కమిలిపోతాయి, మర్నాడు సరిగ్గా ఆ చోట్లే హార్నెస్ పట్టీలు ఒరుసుకుంటాయి. పడవలో వాంతులు కాకుండా వేసుకునే అవోమిన్ లాంటి మాత్రలకి మత్తు ఉంటుంది. జిప్‌లైన్ రోజు అవి వేసుకోవద్దు. తిరుగు ప్రయాణం రోజు జిప్‌లైన్ పెట్టుకోవడం మాత్రం ఏ సందర్భంలోనూ మంచిది కాదు.

థాయిలాండ్ టైము మనకంటే గంటన్నర ముందు. ఏడింటికి బండి వస్తుందంటే మన ఒంటికి అది ఐదున్నర. పాపని ముందురోజు త్వరగా పడుకోబెట్టండి.

ఎంతసేపు పడుతుందో మీరే లెక్కేసుకోవచ్చు. ఒక్కో మనిషిని తగిలించి, పంపి, అవతల విప్పడానికి దగ్గరదగ్గర నిమిషంన్నర పడుతుంది. ఎనిమిదిమంది బృందం, పదహారు లైన్లు అయితే 192 నిమిషాలు, అంటే మూడు గంటల పైన. మీ నలుగురే అయితే దాంట్లో సగం. మీ కుటుంబానికి 30 ప్లాట్‌ఫాంల పెద్ద ప్యాకేజీ అనవసరం. పదో లైను దాటాక పాపకి విసుగు, పెద్దవాళ్లకి అలసట మొదలవుతుంది, పొరపాట్లు చేసేది అప్పుడే. డబ్బు పెట్టగలిగితే ఆ తేడాని చిన్న బృందానికి పెట్టండి. బృందానికి ముందొక గైడ్, వెనకొక గైడ్, ఇద్దరూ ఉండాలి.

వరసక్రమంలో మొదటి గైడ్ తర్వాత మీరు వెళ్లండి, మధ్యస్థమైన బరువు కాబట్టి ఆరోజు గాలి ఎలా ఉందో, బ్రేకు ఎలా పడుతుందో అవతలి గైడ్‌కి అంచనా దొరుకుతుంది. తర్వాత మీ ఆవిడ, ఆ తర్వాత బావగారు. జంటగా వెళ్లేందుకు గైడ్ కావాలి కాబట్టి పాప ఎప్పుడు వెళ్లాలన్నది వాళ్లే చూసుకుంటారు. ఎవరు బయల్దేరాలన్నా అవతలినుంచి సైగో వాకీటాకీలో మాటో రావాలి. "ఇంకా ఎంతసేపండీ" అని గైడ్‌ని తొందరపెట్టకండి, ఆ ఎదురుచూపు మీ కోసమే.

బట్టలు. చీర, లంగాఓణీ కుదరవు. హార్నెస్ పట్టీలు తొడల చుట్టూ బిగుస్తాయి కాబట్టి ఒంటికి పట్టి ఉండే లెగ్గింగో ట్రాక్ ప్యాంటో కావాలి. పటియాలా లాంటి వదులు ప్యాంటు పట్టీల కింద మడతలు పడి కోసుకుంటుంది. పొట్టి నిక్కరు వేస్తే పట్టీ నేరుగా చర్మానికి తగులుతుంది, మోకాలి దాకా వచ్చేది వేసుకోండి. పైన పొడుగు టీషర్టు, లోపలికి దోపుకునేది. చున్నీ హోటల్లోనే. మంగళసూత్రం గొలుసు పొడుగుదైతే లోపలికి వేసి పిన్ను పెట్టుకోవచ్చు, కానీ అక్కడ హోటల్ లాకర్ ఉంటుంది, నల్లపూసలు ఒక్కటీ ఉంచుకుంటే చాలు. గాజులు, ఉంగరాలు తీసేయాలి. కేబుల్ పట్టుకున్నప్పుడు ఉంగరం ఇరుక్కుంటే వేలికే ప్రమాదం.

జుట్టు మీద కాస్త ఎక్కువ చెప్పాలి. ట్రాలీ చక్రం మొహానికి జానెడు ఎత్తులో తిరుగుతుంటుంది. వదిలేసిన జుట్టు గాలికి ఎగిరి అందులో చిక్కుకుంటే, మనిషి లైను మధ్యలో జుట్టుతో వేలాడినట్టవుతుంది, విప్పడానికి కత్తిరించాల్సి వస్తుంది. అలాగని ముడి వేస్తే వెనక ముడి హెల్మెట్‌ని ముందుకి తోసి కళ్ల మీదికి దించుతుంది. మెడ దగ్గర్నుంచి మొదలయ్యే ఒక్క జడ అల్లి, కొస టీషర్టు లోపలికి దోపాలి. పాపకీ అంతే. హెల్మెట్ ముందు అంచు కనుబొమ్మల పైన రెండు వేళ్ల వెడల్పులో ఉండాలి, గడ్డం కింద పట్టీలో రెండు వేళ్లు పట్టాలి, తల విదిలిస్తే కదలకూడదు.

బూట్లు వేళ్లు కప్పేవి, లేసులు గట్టిగా కట్టినవి. జేబుల్లో తాళాలు, నాణేలు ఉంచితే పట్టీ కింద నలిగి తొడ కమిలిపోతుంది. వెనక జేబులో ఫోను పగులుతుంది. కళ్లజోడుకి వెనకనుంచి తాడు కట్టండి. దోమల మందు గురించి ఒక చిన్న విషయం: డీట్ అనే రసాయనం ఉన్న మందు కొన్ని ప్లాస్టిక్‌లని కరిగిస్తుంది, హెల్మెట్ పెంకులు, కళ్లజోడు అద్దాలు కూడా అందులో ఉంటాయి. బయల్దేరే అరగంట ముందే ఒంటికి రాసుకుని, చేతులు కడుక్కుని హెల్మెట్ ముట్టుకోండి.

హార్నెస్ వేసేది గైడే, కానీ మీ కళ్లతో మీరూ చూసుకోవచ్చు. బెల్టులో అరచేయి చదునుగా దూరాలి, పిడికిలి బిగిస్తే బయటికి రాకూడదు. గొంతుక్కూర్చుని లేవండి, ఎక్కడా జారకూడదు. కుట్ల మీద పోగులు లేచి బొంతలా ఉంటే, బట్ట వెలిసి గట్టిపడి ఉంటే వేరేది అడగండి. లోపల చీటీ మీద తయారైన సంవత్సరం ఉంటుంది. చాలా తయారీదారులు బట్టతో చేసినవాటికి గరిష్ఠంగా పదేళ్లే గడువు ఇస్తారు, అదీ బాగా దాచుకుంటే. ఎండలో, చెమటలో రోజూ వాడేవి ముందే పోతాయి. క్యారబినర్ (తగిలించే లోహపు కొక్కెం) మీద 22 కేఎన్ (కిలోన్యూటన్లు) లాంటి అంకె చెక్కి ఉంటుంది, అంటే నిలువునా రెండు టన్నుల పైన తట్టుకుంటుందని. ఆ బలం మూత పూర్తిగా పడి, లాక్ తిరిగి ఉన్నప్పుడే. వెళ్లేముందు దాన్ని చూపుడు వేలితో ఒకసారి నొక్కి చూడమని గైడ్‌నే అడగండి. మీ అంతట మీరు మాత్రం ఏ క్యారబినర్‌నీ ముట్టుకోవద్దు.

ట్రాలీకి ఒక తగులు, కేబుల్‌కి విడిగా ఇంకో తగులు, మొత్తం రెండు ఉండాలి. ప్లాట్‌ఫాం మీద మార్చేటప్పుడు కొత్తది తగిలించాకే పాతది విప్పాలి. ఒక్క క్షణం కూడా ఏ తగులూ లేకుండా నిలబెట్టారంటే ఆ గైడ్‌కి అప్పుడే చెప్పండి.

లైను మీద చేయాల్సింది తక్కువే. ప్లాట్‌ఫాం నుంచి దూకకూడదు, కుర్చీలో కూర్చున్నట్టు హార్నెస్‌లో బరువు వేసి కాళ్లు ఎత్తాలి. దూకితే పట్టీ ఒక్కసారిగా లాగుతుంది, ఒళ్లు గిరగిరా తిరుగుతుంది. తిరగడం మొదలైతే ట్రాలీ కింద ఉన్న పట్టీని పట్టుకుని తిరుగుతున్న దిక్కుకి ఎదురుగా మెల్లగా తిప్పాలి, కేబుల్‌ని పట్టుకోకూడదు. చివర్లో మోకాళ్లు పైకి, పాదాలు ముందుకి. పాపకి ఇంటి దగ్గర ఉయ్యాల మీద కాళ్లెత్తడం రెండుమూడు సార్లు చేయించండి, అక్కడ గైడ్ ఇంగ్లీషులో చెప్పేది సగమే అర్థమైనా ఒంటికి అలవాటై ఉంటుంది.

మధ్యలో ఆగిపోతే కంగారు వద్దు. గ్లవ్ ఉంటే ఒక చేత్తో కేబుల్ పట్టుకుని వెనక్కి జారకుండా ఉండండి, గైడ్ తనే వచ్చి లాక్కెళ్తాడు. ఎదురుచూస్తున్నంతసేపూ కాళ్లు ఆడిస్తూనే ఉండాలి. హార్నెస్‌లో కదలకుండా వేలాడితే కాళ్లలోకి దిగిన రక్తం పైకి రావడం తగ్గుతుంది, కళ్లు తిరుగుతాయి. సైకిల్ తొక్కినట్టు తొక్కితే చాలు.

తిండి: గంటన్నర ముందు తేలిగ్గా తినండి, రెండు ఇడ్లీలకి సమానమైనంత. ఖాళీ కడుపు వద్దు, బఫే మొత్తం ఖాళీ చేయడమూ వద్దు. ఎండ మన బెజవాడ రోహిణి కార్తె అంత ఉండదు గానీ గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, అందుకని ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఇక్కడినుంచే తీసుకెళ్లండి. ప్యాకేజీలో భోజనం ఉంటే, శాకాహారులైతే "వెజ్" అని చెప్పి ఊరుకోకండి. వాళ్ల కూరల్లో చేపల సాసు, రొయ్యల ముద్ద మామూలు వాడకం. "జే" అనండి, మాంసం, చేప, గుడ్డు ఏదీ లేనిదని అర్థం చేసుకుంటారు. ఫుకెట్‌లో తొమ్మిది రోజుల శాకాహార ఉత్సవం చాలా ఏళ్లలో మన దసరా నవరాత్రులకి దగ్గర్లోనే వస్తుంది. ఆ రోజులు కలిస్తే పసుపు జెండాలు కట్టిన ప్రతి బండి దగ్గరా జే భోజనమే దొరుకుతుంది.

కాగితాలు: థాయిలాండ్ 2025 మే 1 నుంచి డిజిటల్ అరైవల్ కార్డు పెట్టింది, చేరే ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపాలి, ఉచితం. డబ్బు అడిగే సైట్లకి కట్టొద్దు. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు మినహాయింపుల పేజీ చదవండి. మామూలు పాలసీల్లో చాలావాటికి "సాహస క్రీడలు" వర్తించవు, విడిగా అదనపు కవర్ కట్టాలి. జిప్‌లైన్ అన్న మాట అందులో ఉందా అని ఏజెంటుని రాతలో అడగండి. అక్కడ అంబులెన్సుకి 1669, టూరిస్ట్ పోలీసులకి 1155, రెండూ అందరి ఫోన్లలో పెట్టుకోండి.

బుకింగ్ హోటల్ ట్రావెల్ డెస్క్ ద్వారా కాకుండా కంపెనీకే నేరుగా మెసేజ్ పెట్టి చేయండి. మధ్యవర్తులకి బ్రేకుల సంగతి తెలియదు. ఆ మెసేజ్‌లో ఇవి రాయండి: 112 కిలోల మనిషికి పూర్తి హార్నెస్ ఉందా, నడుము ఎంతదాకా సరిపోతుంది. 24 కిలోల పాపని అన్ని లైన్ల మీదా గైడ్‌తో జంటగా పంపుతారా, దానికి వేరే డబ్బా. ప్రతి లైను చివరా బ్రేకు ఏ రకం, అది తప్పితే రెండోది ఏమిటి. ఒక బృందంలో ఎంతమంది, గైడ్లు ఎందరు. మధ్యలో దిగిపోవడానికి ఎన్నో ప్లాట్‌ఫాం దగ్గర దారి ఉంది. ఉరుములొచ్చి ఆపేస్తే డబ్బు వెనక్కిస్తారా, తేదీ మారుస్తారా, సగం కోర్సు అయ్యాక ఆపితే ఎలా. హోటల్ నుంచి బండి, గ్లవ్, భోజనం, ఫోటోలు ధరలో కలిసే ఉన్నాయా. ఒక రోజులోపు వరసగా జవాబిచ్చిన కంపెనీతో ఖాయం చేసుకోండి, "డోంట్ వర్రీ సర్" అని మాత్రమే వస్తే ఇంకో కంపెనీకి అదే మెసేజ్ పంపండి.